తనకు నచ్చిన తప్పు

వాన పడినదా లేదా అనునది వాదమునకు తావియ్యని సంగతి అని ఎవరైనను అనుకొందురు. నేల తడిసినచో పడినట్లు, తడియనిచో పడనట్లు. కాని అనంతపురము పీఠభూమిలో ఇది రాజకీయ ప్రశ్న. ఒకే ఉదయమున ఒకే బస్సులో వచ్చిన రెండు పత్రికలలో ఒకటి జిల్లాలో సాధారణ వర్షపాతము నమోదైనదని వ్రాయును. రెండవది జిల్లా కరవు కోరలలో చిక్కినదని వ్రాయును. రచ్చకట్టమీద కూర్చున్నవారు ఎవరి పత్రికను వారు చదువుకొని, ఎదుటివాని పత్రిక అబద్ధమాడినదని నిశ్చయించుకొని లేచిపోవుదురు. ఇందులో వింత యేమనగా, పెక్కుమార్లు రెండు పత్రికల అంకెలును సరియైనవే.

ఈ ప్రాంతము పడమటి కనుమల వానచాటున ఉన్నది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వర్షము. నైరుతి ఋతుపవనము కనుమలవద్దనే తన బరువు దించుకొని వచ్చును. ఈశాన్య ఋతుపవనము తీరము దాటి ఇచటికి చేరుసరికి పలుచబడును. జూన్, జూలై నెలలలో రైతు పదును చూచి వేరుశనగ విత్తును. పూత నిలిచి ఊడలు నేలలోకి దిగు సమయమున మూడు వారములు చినుకు లేకున్నచో కాయ కట్టదు. అటుపిమ్మట సెప్టెంబరు చివర నాలుగు దినములు కుండపోతగా కురిసెనా, ఋతువు మొత్తమునకు లెక్క సరిపోవును. వర్షమాపకము మండల కేంద్రమున ఉండును. రైతు చేను ఎక్కడనో దూరపు గ్రామమున ఉండును. లెక్కలో వాన ఉన్నది, చేనిలో పంట లేదు. అధికారపక్షమునకు అనుకూలమైన పత్రిక ఋతువు మొత్తమును చూపును. ప్రతిపక్షమునకు అనుకూలమైన పత్రిక ఎండిన చేనిని చూపును. ప్రభుత్వము మారిన పిమ్మట రెండును తమ పాత్రలను ఇచ్చిపుచ్చుకొనును. చేను మాత్రము ఉన్నచోటనే ఉండును.

రాజకీయ వార్తలలో పత్రికలు తప్పులు వ్రాయుచున్నవి, పక్షపాతము చూపుచున్నవి అను ఫిర్యాదు నేడు వినబడని ఇల్లు లేదు. ఫిర్యాదు నిజమే. అయితే అది ఎల్లప్పుడును ఎదుటివాని పత్రికమీదనే ఏల? తాను అభిమానించు నాయకుని గొప్పచేసి వ్రాసిన తప్పును పట్టుకొని, ఇది సరికాదని అన్న పాఠకుడు ఎందరిలో ఒకడు? ఇట్లు అడిగినప్పుడు విషయము అచ్చుయంత్రమునుండి మనుష్యుని శీలమునకు మరలును. బసవేశ్వరులు శరణులకు చెప్పిన నడవడిలో అసత్యము పలుకరాదనునది ముందు వరుసలోనిది. పలుకరాదు, సరే. తనకు ఇష్టమైన అసత్యమును విని సంతోషింపవచ్చునా? దానిని పదిమందికి చదివి వినిపింపవచ్చునా? వ్రాసినవాడు వేరొకడు కావున తనకు దోషము లేదని అనుకొనవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు.

ఇది ఈనాటి జబ్బు అనుకొనుట కూడ పొరపాటు. 1876లో ఋతుపవనము తప్పినప్పుడు నేటి అనంతపురము ప్రాంతము బళ్ళారి జిల్లాలో భాగము. ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1882లో. 1876-78 నాటి మహాక్షామము మిక్కిలి బాధించిన జిల్లాలలో బళ్ళారి ఒకటి. ఆనాడు భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, చెన్నపట్టణపు అధికారులు అవసరమునకు మించి ఖర్చు చేయుచున్నారను అభిప్రాయముతో, 1877 జనవరిలో సహాయపు పనులలోని కూలిని తగ్గించెను. మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా. అది మనిషిని నిలుపజాలదని చెన్నరాజధాని ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఎదురు వ్రాసెను. మద్రాస్ టైమ్స్ పత్రికకు సంపాదకుడుగా ఉండిన విలియం డిగ్బీ ఊరి ఊరి దుఃస్థితిని సేకరించి ప్రకటించెను. 1877 ఆగస్టులో చెన్నపట్టణమునుండి లండను మేయరుకు వెళ్ళిన విజ్ఞప్తి ఫలితముగా ఆ దేశమున చందాలు పోగయినవి. మరుసటి సంవత్సరమున డిగ్బీ ఆ క్షామపు చరిత్రను గ్రంథముగా వ్రాసెను.

ఈ పాత కథను ఇచట తలచుటకు కారణము కలదు. పక్షపాతమును గూర్చి మాటలాడు మంచివారు పలువురు, 'ఇరుపక్షములు చెప్పినదానిలో సగము సగము తీసికొనిన నిజము తేలును' అని అందురు. వినుటకు న్యాయముగనే తోచును. కాని 1877లో టెంపుల్ మాటలో సగము, కార్నిష్ మాటలో సగము తీసికొనినచో ఏమి తేలును? సగము ఆకలియా? ఆ కూలితో మనిషి బ్రదుకునా బ్రదుకడా అనుదానికి నడిమి జవాబు లేదు. కొన్ని నెలలకే ప్రభుత్వము కూలిని మరల పెంచవలసివచ్చెను. ఇద్దరి మాటలు వినుట విచారణకు మొదలు. ఇద్దరి నడుమ గీత గీయుట తీర్పు కాదు. నిష్పక్షపాతమనగా మధ్యన నిలుచుట అని భ్రమించినవాడు, ఎవడు ఎక్కువ దూరము లాగునో వానివైపునకు తెలియకయే జరుగును.

తప్పు వ్రాయుటకంటె పెద్ద తప్పు ఇంకొకటి కలదు, అది వ్రాయకుండుట. తెలుగు దినపత్రికలు 1980 దశాబ్దము చివరినుండి జిల్లాకొక అనుబంధమును ముద్రించుట మొదలిడినవి. మారుమూల గ్రామపు బావి, బడి, వీధి దీపము వార్తలలోనికి ఎక్కినవి. ఇది గొప్ప మేలు, దానిని కాదనరాదు. అయితే దానివెంటనే మరియొక మార్పు జరిగినది. అనంతపురపు కరవు అనంతపురపు అనుబంధములోనే మిగిలిపోయినది. కుందుర్పిలోనో శెట్టూరులోనో పశువులను అమ్ముకొన్న కుటుంబము బెంగుళూరు బస్సెక్కిన సంగతి, ఆ పక్క వీధివారికి పత్రిక చెప్పును. వారికి అది ముందే తెలియును. గుంటూరువారికిని విశాఖవారికిని చెప్పదు. వేదనను దానిని పడుచున్నవారికే తిరిగి అమ్ముట అను ఈ విచిత్రమైన ఏర్పాటులో ఒక్క అసత్య వాక్యమైనను లేదు. ఎవరిపైనను ఫిర్యాదు చేయుటకు వీలులేదు.

కొన్నిచోట్ల వ్రాతయే మౌనముగా మారును. వేరుశనగ ధర పడి, బోర్లు ఎండి, అప్పులు పెరిగిన 1990 దశాబ్దపు చివరి సంవత్సరములలో ఈ జిల్లాలో రైతుల ఆత్మహత్యలు పెచ్చుపెరిగినవి. పోలీసు లెక్కలలో వానిలో అనేకములకు కారణము 'కడుపునొప్పి' అని ఉన్నది. పాలగుమ్మి సాయినాథ్ 2001లో ది హిందూ పత్రికలో ఈ సంగతిని బయటపెట్టెను. పురుగుల మందు త్రాగినవానికి ప్రాణము పోవుముందు భరింపరాని కడుపునొప్పి వచ్చును. ఆ నొప్పిని కారణముగా వ్రాసి, మందును, మందునకు ముందున్న అప్పును, అప్పునకు ముందున్న ఎండిన బోరును విడిచిరి. ఠాణాలో వ్రాసిన మాటనే విలేకరి వ్రాసినచో అతడు అబద్ధము వ్రాసెనని అనలేము. అధికారిక పత్రమును ఉన్నది ఉన్నట్లు అందించెను. అయినను చదివినవానికి అందినది నిజము కాదు. పత్రికల తప్పులలో ఎక్కువపాలు ఈ జాతివి: కుట్ర లేదు, లంచము లేదు, ఆ పైన మరియొక ప్రశ్న అడుగు ఓపిక లేదు. సాయినాథ్ అడిగినది ఆ ఒక్క ప్రశ్నయే. ఈ జిల్లాలో ఇందరికి కడుపునొప్పి ఏల వచ్చుచున్నది?

2004లో రాష్ట్ర ప్రభుత్వము 421వ నంబరు ఉత్తర్వు ద్వారా ఆత్మహత్య చేసికొన్న రైతు కుటుంబమునకు లక్షన్నర రూపాయల సహాయము ప్రకటించెను. అందులో ఏబదివేలు అప్పు పరిష్కారమునకు. దానితో ప్రతి మరణమును 'నిజమైనదా కాదా' అని కమిటీ తేల్చవలసివచ్చెను. అప్పటినుండి మరణపు సంఖ్య కూడ వానపు సంఖ్యవలెనే అయినది: ప్రతిపక్షపు పత్రికలో ఎక్కువ, అధికారపక్షపు పత్రికలో తక్కువ. ఆ వితంతువునకు కావలసినది సంఖ్య కాదు, పాసుపుస్తకము, అప్పు పత్రము, శవపరీక్ష నివేదిక, ఇవన్నియు చేతబట్టుకొని ఏ కార్యాలయమునకు పోవలెనో చెప్పు ఒక్క వార్త. అట్టి వార్తలు రాలేదని కాదు. వచ్చినవానిని ఎవరును కత్తిరించి దాచుకొనలేదు, ఎందుకనగా వానిలో ఎవరిని తిట్టుటకును ఏమియు లేదు.

పక్షము ఉండుటయే దోషమా? కాదు. పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురమున 'శ్రీ సాధన పత్రిక'ను ఆరంభించినప్పుడు తాను ఏ పక్షమో దాచలేదు. ఆయన కాంగ్రెసువారు, జాతీయోద్యమమున జైలుకు వెళ్ళినవారు. చదువరికి ఆ సంగతి ముందే తెలియును; తెలిసి చదువును, తెలిసి తూకము వేసికొనును. ముఖమున విభూతి ధరించినవాడు శైవుడని వేరుగ చెప్పనక్కరలేదు. చిక్కు ఎచట వచ్చుననగా, పక్షము ఉండి, లేదని చెప్పినప్పుడు. సంపాదకీయములో ఉండవలసిన అభిమానము వార్త యొక్క శీర్షికలోనికి ప్రాకినప్పుడు.

తెలుగునాట ఈ ప్రాకుట ఎట్లు జరిగినదో నడివయస్కులందరును చూచినదే. 1974 ఆగస్టులో విశాఖపట్టణమున పుట్టిన ఈనాడు, 1983 ఎన్నికలలో తెలుగుదేశమునకు బాహాటముగా అండగా నిలిచెను. ఆ పత్రికను, ఆంధ్రజ్యోతిని కలిపి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి 'ఆ రెండు పత్రికలు' అని సభలలో అనుచుండుట జనులకు నానుడిగా మారినది. 2008 మార్చిలో ఆయన కుమారుని ఆధ్వర్యమున సాక్షి వెలువడినది. అటుతరువాత పల్లెలో పత్రిక పేరు చెప్పినచో పార్టీ పేరు చెప్పినట్లే అయినది. ఒకరిది పచ్చ మీడియా, మరొకరిది నీలి మీడియా అని పరస్పరము నిందించుకొనుచున్నారు. ఏ రంగు వార్త నమ్మదగినది అని అడుగుట మాని, ఏ రంగు మనది అని అడుగుట మొదలైనది.

ఈ రంగులకు ముందు జరిగిన రెండు సంఘటనలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన పాఠకుని మనస్సు ఎట్లు పనిచేయునో తెలియును. 1984 ఆగస్టు 16న గవర్నరు రామలాల్, ఎన్.టి. రామారావు ప్రభుత్వమును తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిగా చేసెను. ఆకాశవాణి, దూరదర్శన్ కేంద్ర ప్రభుత్వపు చేతిలో ఉండిన దినములవి. శాసనసభ్యులు ఎవరివైపు ఎందరు అనునది అప్పటి వార్త అంతయును. రామారావు తనవారిని ఢిల్లీకి తీసికొనిపోయి రాష్ట్రపతి జైల్ సింగ్ ఎదుట నిలిపెను. తలలు లెక్కపెట్టి చూపిన పత్రికలను జనులు మెచ్చుకొనిరి; సెప్టెంబరు 16న రామారావు తిరిగి పదవిలోనికి వచ్చెను. అది పత్రికలకు గౌరవము తెచ్చిన ఘట్టము.

పదునొకండు సంవత్సరముల తరువాత, 1995 ఆగస్టులో, మరల తలల లెక్కయే. అప్పటికి రామారావు అనంతపురము జిల్లాలోని హిందూపురము శాసనసభ్యుడు. 1985 నుండి మూడు పర్యాయములు అచటనే గెలిచెను. హైదరాబాదులోని వైస్రాయ్ హోటలులో చంద్రబాబునాయుడు పక్షమున చేరినవారి సంఖ్యను కొన్ని పత్రికలు ఉన్నదానికంటె ఎక్కువచేసి వ్రాసినవనియు, ఆ వ్రాతను చూచియే తటపటాయించుచున్న తక్కినవారు అటు నడిచిరనియు, ఆ సంఘటనలలో స్వయముగా పాల్గొన్న దగ్గుబాటి వెంకటేశ్వరరావు తరువాత తన పుస్తకమున ఆరోపించెను. ఆరోపణ ఆరోపణయే, దానిని ఇచట తీర్పుగా గ్రహింపనక్కరలేదు. కాని ఆరోపణలోని తర్కము భయము గొలుపునది. వ్రాసిననాడు అసత్యమైన అంకె, వ్రాయుటవలననే మూడవనాటికి సత్యమగును. అప్పుడు పత్రిక తప్పు వ్రాసెనని ఎవరు నిరూపింపగలరు? వానను గూర్చి తప్పు వ్రాసినచో వాన రాదు. మనుష్యుల మొగ్గును గూర్చి తప్పు వ్రాసినచో మనుష్యులు మొగ్గుదురు. రాజకీయ వార్తకును తక్కిన వార్తలకును గల భేదమంతయు ఇందులో ఉన్నది.

హిందూపురమున 1984లో తలల లెక్కను కీర్తించినవారే 1995లో దానిని తిట్టిరి. 1995లో మెచ్చుకొన్నవారు మరికొందరు 1984లో తిట్టినవారే. రెండుసార్లును 'ఈ సంఖ్యను ఎవరు లెక్కించిరి, ఎట్లు లెక్కించిరి' అని ఒకే తీరున అడిగినవారు బహుకొద్దిమంది.

డబ్బు ఇచ్చి వార్తలు వ్రాయించుకొను ఆచారము వచ్చిన తరువాత ఆ ప్రశ్నకు అవసరము ఇంకను పెరిగినది. 2009 ఎన్నికలలో అభ్యర్థులవద్ద సొమ్ము పుచ్చుకొని ప్రకటనలను వార్తలుగా అచ్చువేసిరని ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘము బయటపెట్టెను. తమ వృత్తిలోని మచ్చను తామే చూపిన ఆ పాత్రికేయులను మరువరాదు. భారత ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘమున పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి సభ్యులు. ఒకే పుటలో పరస్పరము పోటీపడు ఇద్దరును గెలువబోవుచున్నట్లు వార్తలు వచ్చిన ఉదాహరణములు బయటపడినవి. పత్రికల పేర్లతో కూడిన ఆ పూర్తి నివేదికను 2010లో కౌన్సిల్ ప్రకటింపలేదు, చిన్న పాఠమును మాత్రమే ప్రకటించెను. సమాచారహక్కు క్రింద ఆదేశము వచ్చినపిదప 2011లో పూర్తి పాఠము వెలుగు చూచెను. ఇతరుల రహస్యములను బయటపెట్టుట తమ హక్కు అను పత్రికారంగమున ఇట్లు జరిగెను.

ఇచట మండలమునందలి చిన్న విలేకరిని గూర్చి ఒకమాట చెప్పవలసియున్నది, ఏలయనగా నిందయంతయు సాధారణముగా అతనిమీదనే పడును. అతనికి నెలజీతము ఉండదు. అచ్చయిన వరుసల లెక్కన కొద్ది సొమ్ము వచ్చును. పండుగకును, నాయకుల జన్మదినములకును ప్రకటనలు సేకరించి పంపుట కూడ అతని పనియే. ఉదయము ఎవరి అవినీతినిగూర్చి వ్రాయవలెనో, సాయంకాలము వారి ఇంటికే ప్రకటన అడుగబోవలెను. కాయకమునకు తగిన కూలి ఇయ్యక, కాయకము శుద్ధముగా ఉండవలెనని కోరుట ఏ శరణుడును ఒప్పని మాట. ఈ స్థితిలో కూడ ఎండిన చెరువు కట్టమీద నిలువబడి ఉన్నది ఉన్నట్లు వ్రాసి పంపు విలేకరులు ఈ జిల్లాలో కలరు. వారు పంపినది కార్యాలయమున ఎట్లు మారి వచ్చునో ఉదయమున పత్రిక విప్పి వారును మనతోపాటే చూతురు.

ఇంతవరకు చెప్పినది పరుల తప్పులనుగూర్చి. శరణ కుటుంబములు తమకు నచ్చిన తప్పును ఎట్లు ఆదరించినవో చెప్పకున్నచో ఈ వ్యాసము కూడ పక్షపాతమే అగును. 2018 మార్చి 19న కర్ణాటక మంత్రివర్గము, జస్టిస్ నాగమోహనదాస్ సంఘపు నివేదికను ఆధారము చేసికొని, లింగాయతులకు అల్పసంఖ్యాక మతపు హోదా ఇయ్యవలెనని కేంద్రమునకు సిఫారసు చేయ నిర్ణయించెను. సిఫారసు మాత్రమే, హోదా ఇచ్చు అధికారము రాష్ట్రమునకు లేదు. మరునాటి శీర్షికలు కొన్ని ప్రత్యేక మతము వచ్చివేసినట్లే ధ్వనించినవి. రాయదుర్గము, మడకశిర, కల్యాణదుర్గము ప్రాంతపు కుటుంబములు కన్నడ పత్రికను, తెలుగు పత్రికను రెండింటిని చదువగలవారు. నిజము తెలిసికొనుటకు వారికి గల వసతి ఇతరులకు లేదు. అయినను కోరినవారు ఆ శీర్షికను నమ్మి సంతోషించిరి, కోరనివారు ఆ శీర్షికనే నమ్మి కోపించిరి. సిఫారసు అను మాట వార్త క్రింది భాగమున ఉన్నది, దానిని ఇరువురును దాటిపోయిరి. ఆ సిఫారసును కేంద్రము అంగీకరింపలేదు. ఆ వార్త లోపలి పుటలో వచ్చినది. వీరశైవులు, లింగాయతులు అను వాదములో ఎవరిది న్యాయమో తేల్చుట ఇచటి పని కాదు. చేతిలోనున్న వార్తను చివరివరకు చదువుటకు కూడ అభిమానము అడ్డువచ్చెననునది మాత్రమే ఇచటి మాట.

ఇంకను వెనుకకు పోయినచో, కల్యాణ నగరమున బిజ్జలుని అంతము కలదు. పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున తెలుగున రచించిన బసవపురాణమున జగద్దేవుడు మొదలగువారు బిజ్జలుని వధించిరి. శరణులకు జరిగిన అన్యాయమునకు అది ప్రతిక్రియ. జైనుల కథనము వేరు: దండయాత్రనుండి మరలివచ్చుచున్న రాజునకు విషము పెట్టబడెనని అందులో నేరము బసవేశ్వరులమీదనే మోపిరి. శాసనములు ఈ రెంటిలో దేనిని చెప్పవు. 1168 ప్రాంతమున బిజ్జలుడు తన కుమారుడైన సోవిదేవునికి రాజ్యమును అప్పగించినట్లు వానివలన తెలియుచున్నదని, వానిని పరిశోధించిన ఫ్లీట్ వ్రాసెను. జైన కథనము చదివిన శరణునకు అది పక్షపాతమని వెంటనే తోచును. తోచవలసినదే. అదే కన్నుతో తన పురాణమును చూచి, ఇది భక్తిగ్రంథము, దీనిని వార్తగా చదువరాదు అని చెప్పుకొనుట అంతకంటె కష్టము. చెప్పుకొన్నవాని భక్తికి లోపము రాదు. సోమనాథుని గ్రంథమునకును రాదు. ఆయన వ్రాసినది శరణుల మహిమ, కల్యాణపు దినచర్య కాదు.

అంగడి పెట్టుకొన్న కుటుంబములు ఈ సమాజమున అనేకము. వడ్లు కొనునప్పుడు ఒక రాయి, అమ్మునప్పుడు ఒక రాయి వాడు వర్తకుని ఏమందురో వారికి చెప్పనక్కరలేదు. తనకు కిట్టని నాయకునిమీద వచ్చిన వార్తను వట్టి పుకారు ఆధారముగానైనను నమ్ముట, తాను మెచ్చిన నాయకునిమీద వచ్చినదానికి మాత్రము సాక్ష్యము, సంతకము, ముద్ర అన్నియు కోరుట, ఇది రెండు రాళ్ళ వర్తకమే. ఇందులో లాభమంతయు పత్రికకు పోవును. ఎందుకనగా, తన పాఠకుడు ఏ తప్పును క్షమించునో ఎరిగిన పత్రిక ఆ తప్పును దినదినమును చేయుటకు వెరవదు. నేడు చేతిఫోనులలో తిరుగు పత్రికల ముక్కలలో కొన్ని ఆ పత్రికలు అచ్చువేయనే లేదు. పేరును, అక్షరమును అనుకరించి ఎవరో కల్పించినవి. తమకు నచ్చినచో వానినికూడ క్షణము ఆలోచింపక పంపుచున్నారు. వ్రాసినవాడు పరుడు, పంపినవ్రేలు మాత్రము తనదే.

'వ్యవసాయము చేసికొను మనిషి ప్రతి వార్తను పరిశోధింపగలడా' అని అడుగవచ్చును. పరిశోధింపనక్కరలేదు. తనకు నచ్చని వార్తను ఏ ప్రశ్నలు అడుగునో, నచ్చినదానిని కూడ ఆ ప్రశ్నలే అడిగిన చాలును. చెప్పినది ఎవరు, చూచినవాడా విన్నవాడా, అంకె ఏ దినముది, ఏ ఊరిది, ఎదుటివానిని అడిగిరా. 2012లో కృష్ణాజలము హంద్రీ-నీవా కాలువద్వారా జీడిపల్లి జలాశయమునకు చేరినప్పుడు, ఆ ఘనత ఏ ముఖ్యమంత్రిదని పత్రికలు, పాఠకులు నెలలకొలది వాదించుకొనిరి. మల్యాలవద్ద ఎత్తిన నీరు ఏ ఊరి పిల్లకాలువవరకు వచ్చినది, ఎచట ఆగినది అను ప్రశ్న అడిగినచో ఆ వాదములో సగము అక్కడికక్కడే అణగియుండును; జవాబు చెప్పుటకు కాలువ గట్టు ఎదుటనే ఉన్నది.

ప్రభుత్వమే తప్పు వ్రాతలను శిక్షించిన బాగుండునని తలచువారును కలరు. 2007లో అట్టి ఉత్తర్వు ఒకటి వచ్చి, నిరసనలవలన వెనుకకు పోయెను. 2019 అక్టోబరు 30న మరల 2430వ నంబరు ఉత్తర్వు, అసత్య వార్తలపై వ్యాజ్యములు వేయుటకు శాఖల కార్యదర్శులకు అధికారమిచ్చెను. కరవు లెక్కను తక్కువచేసి చూపు అవసరము గల చేతికే, కరవు వార్త నిజమో కాదో తేల్చు అధికారమును అప్పగించుట ఎంతవరకు క్షేమమో టెంపుల్ కథ చదివినవారు చెప్పగలరు. ప్రెస్ కౌన్సిల్ మందలింపగలదు, అభిశంసింపగలదు. 1978 నాటి చట్టము దానికి శిక్షించు శక్తి నియ్యలేదు. ది హిందూ 2006లో పాఠకుల పక్షమున ఒక సంపాదకుని నియమించి, తన తప్పులను ప్రతిదినము తానే ఒప్పుకొను పద్ధతిని మొదలుపెట్టెను. ఆ పద్ధతి తెలుగు దినపత్రికలలో వేళ్ళూనలేదు. మొదటి పుటలో పెద్ద అక్షరములతో చేసిన తప్పునకు, నాలుగవ దినమున లోపలి పుటలో చీమతలంత సవరణ, అదియును వచ్చిననాడు. ఆ సవరణకై ఉత్తరము వ్రాయు పాఠకులు, తమకు అనుకూలమైన తప్పుమీద కూడ వ్రాసినచో, పత్రికవారు మొదట ఆశ్చర్యపడుదురు.

ఉరవకొండ గవిమఠము మొదలుకొని ఈ ప్రాంతపు మఠములలోను, గ్రామములలోని గుడి అరుగులమీదను నలుగురు చేరి పత్రిక చదువుట, చదువురానివారికి వినిపించుట పాత అలవాటు. వినువారిలో వృద్ధులు, స్త్రీలు, పిల్లలు ఉందురు. వారికి ఆ చదువరి గొంతే పత్రిక. అచట ఒక్క పత్రికకు బదులు పరస్పర విరోధమైన రెండు పత్రికలను తెప్పించుటకు నెలకు అయ్యెడి అదనపు వ్యయము, ఒకనాటి ప్రసాద వినియోగముకంటె ఎక్కువ కాదు. చదువువాడు తన పార్టీకి కిట్టని పత్రికను ముందు విప్పి, శీర్షిక మాత్రమే కాక చివరి వరుసవరకు చదివి, ఆపైన రెండవదానిని విప్పవలెను. ఆ రెంటిలోను ఆ ఊరి వానను గూర్చి వ్రాసియున్నచో, వినువారిలో ఆనాడు చేనినుండి వచ్చినవాడు ఎవడో ఒకడు ఉండకపోడు. అతనిని అడుగవచ్చును.